గుట్ట వెనక నిలబడ్డ సోమవారం

నాకు రాయడం రాదు. సంతకం మాత్రం వచ్చు, అది కూడా మా ఆయన పోయాక నేర్చుకున్నదే. నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. చదివేవాళ్ళు నవ్వకుండా పుస్తకాల్లో ఉండే తీరుగానే రాయమన్నాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ముట్టుకోవద్దని, ఎవరు ఎట్లా అన్నారో అట్లాగే ఉంచమని చెప్పాను. నా గొంతు ఇట్లా గీసుకుపోయినట్టు ఎందుకు వస్తుందని బస్సులో కూడా అడుగుతుంటారు. అది పుట్టుకతో వచ్చింది కాదు. ఒక సోమవారం పొద్దున వచ్చింది.

నేను అడవి వాచర్‌ని. ఎండాకాలం వాచర్‌ని. శివరాత్రి అటూ ఇటుగా ఫారెస్టు ఆఫీసు సెక్షన్ సారు ఫోన్ చేసి రమ్మంటాడు. తొలి వానలు గట్టిగా పడి నేల తడిశాక ఇంక చాలు పొమ్మంటాడు. ఆ మధ్య నెలల్లో అడవికి నిప్పు అంటకుండా చూసుకోవాలి. నేలలో పళ్ళెంలా కట్టిన తొట్లలో ట్యాంకర్ నీళ్ళు నింపించాలి, దుప్పులూ నెమళ్ళూ వచ్చి తాగుతాయి. గోడ దూకి వచ్చి బీడీలు తాగేవాళ్ళను వెళ్ళగొట్టాలి. ఎక్కడైనా వైరుతో ఉచ్చు కట్టి ఉంటే విప్పి తెచ్చి సారు ముందు పెట్టాలి. ఇదీ పని.

అడవి అంటే కొండలూ లోయలూ అనుకోవద్దు. చెంగిచెర్ల దాటాక మిగిలిన ఒక ముక్క అది. ఒకప్పుడు అటు నుంచి ఇటు దాకా అడవేనట. ఇప్పుడు ఒక పక్క బోడుప్పల్ ప్లాట్లు, ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఇంకో పక్క రోడ్డు. చుట్టూ రెండు నిలువుల గోడ, దాని మీద లోపలికీ బయటికీ వంచిన ముళ్ళ తీగ. గేటు ఒక్కటే. పొద్దున మేము లోపలికి పోగానే బయటి నుంచి తాళం వేస్తారు, సాయంత్రం తీస్తారు. కాలనీల వాళ్ళు రావద్దని వేసిన తాళం, కానీ దాని వెనక ఉండేది మేమే. మొదటి వారం ఆ తాళం పడ్డ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఒంటికి పోవాల్సి వచ్చేది. తరువాత అలవాటైంది.

దుప్పులది కూడా అదే బతుకు. గోడ పక్కన వరసగా నిలబడి చెవులు నిక్కించి వింటుంటాయి. గోడ అవతల ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేస్తుంది. మూడు విజిళ్ళు పడేదాకా కదలవు. అప్పుడు పోయి మేస్తాయి. నేను ఒంటరిగా నవ్వుకునేదాన్ని.

మా ఇల్లు నాచారంలో, రేకుల గది. అడవి పని లేని నెలల్లో అక్కడే ఒక కారప్పొడి కట్టే షెడ్డులో పని చేస్తాను. షెడ్డుకు కిటికీ లేదు. ఫ్యాన్ వేస్తే పొడి లేస్తుందని వేయనీయరు. తలుపు తీస్తే గాలి వస్తుందని మూసే ఉంచుతారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దుటి నుంచి పొద్దు గుంకే దాకా పొట్లాలు. రెండేళ్ళలో నాకు దగ్గు పట్టుకుంది. మెట్లు ఎక్కితే ఆయాసం. దవాఖానాలో డాక్టరమ్మ చూసి, "నువ్వు ఆ పని బందు పెట్టాలె, లేకపోతే ఊపిరితిత్తులు ఉండయ్" అంది. బందు పెడితే ఏం తినాలో చెప్పలేదు. అడవిలో ఉన్న నెలలే నా ఛాతీకి కాస్త తెరిపి. అందుకే ఏటా చలి తగ్గగానే నా చెవి ఫోన్ మీదే ఉంటుంది. సారు పిలుస్తాడా, ఈసారి పిలవడా. నా భయమంతా అదొక్కటే. ఆ ఫోన్ రాకపోతే ఏడాది పొడవునా ఆ షెడ్డే.

అసలు ఆ పని మా ఆయనది. ఆరు ఎండాకాలాలు చేశాడు. పచ్చకామెర్లు వచ్చి, పసరు మందు పోయించుకుని, ఆఖరికి దవాఖానాకు తెస్తే ఆలస్యమైందన్నారు. ఆయన పోయిన తరువాతి ఏడాది సారు నన్ను పిలిపించి, "నువ్వు చేస్తవా అమ్మా?" అన్నాడు. చేస్తానన్నాను. ఆయన ఖాకీ చొక్కానే చీర మీద వేసుకున్నాను. చేతులు పొడుగైతే మడిచాను.

పని కూడా ఆయన నేర్పిందే అనాలి. బతికున్నప్పుడు రెండుసార్లు సద్ది పట్టుకుని పోయాను, అప్పుడు చూపించాడు. ఎండాకాలం మొదట్లో చేసే పెద్ద పని ఫైర్ లైన్ కాల్చడం. అడవి మధ్యలో పొడుగ్గా రెండు గీతలు గీసినట్టు గడ్డి చెక్కేస్తారు. రెండు గీతల నడుమ నాలుగు బారల వెడల్పున గడ్డి వదిలిపెట్టి, దాన్ని మనమే కాలుస్తాం. అటొకరు ఇటొకరు పచ్చి కొమ్మలు పట్టుకుని, మంట గీత దాటకుండా కొడుతూ నడుస్తాం. అది నల్లగా కాలిపోయిందంటే రేపు ఎండల్లో ఎవడో బీడీ ముక్క పారేసినా మంట అక్కడి దాకా వచ్చి ఆగిపోతుంది, తినడానికి ఏమీ ఉండదు కనుక. కానీ ఈ పని తెల్లారగట్లే కావాలి. గడ్డి మీద మంచు తడి ఉండగానే మొదలుపెట్టి, తడి ఆరేలోపు ముగించాలి. తడి ఆరిందంటే మంట మన మాట వినదు.

ఇంకొకటి గాలి. మా ఆయన పిడికెడు మెత్తటి మన్ను తీసుకుని గదవ ఎత్తున, అంటే గడ్డం దగ్గర నుంచి, వదిలేవాడు. మన్ను తిన్నగా కాళ్ళ మీద పడితే కాల్చవచ్చు. ఒక పక్కకు పోతే ఆగాలి. "ఫోన్ల సూస్తె గాలి ఉప్పల్‌ది జెప్తది, మన్ను ఈడిది జెప్తది" అనేవాడు.

ఇప్పుడు ఆ సోమవారం సంగతి చెప్పాలంటే ముందు పూజ సంగతి చెప్పాలి. ఏటా ఫైర్ లైన్‌కు మొదటి అగ్గి ఊరికే పెట్టరు. లైన్ మొదట్లో ఉన్న ఒక రాయికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దీపం పెట్టి, ఆ దీపం నుంచి ఒక ముత్తైదువ గడ్డిపోచ అంటిస్తుంది. ఆ పోచతోనే లైన్ మొదలవుతుంది. ఏడాదంతా అగ్గి శాంతంగా ఉండాలని అట్లా చేస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మా పెద్ద వాచర్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన మా ఆయనకంటే పెద్దవాడు, నేను బావా అంటాను, ఆయన మాత్రం నన్ను చెల్లె అనే పిలుస్తాడు. ఆయన భార్యే ఆ అగ్గి అంటించే ముత్తైదువ. ఆమెను అక్కా అంటాను. ఆమె వాచర్ కాదు, ఆ ఒక్క రోజు పట్టుచీర కట్టుకుని పసుపు పళ్ళెంతో వస్తుంది. నెమ్మదైన మనిషి. మా ఆయన పోయిన పదకొండు రోజులూ మా గదిలోనే పడుకుంది.

నా మొదటి ఏడు ఆ పూజ అప్పుడు నేను తెలియక నీళ్ళ బిందెతో అటు నడిచాను. అక్క చేతిలో అగ్గిపుల్ల అప్పుడే ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసింది, అంటుకుంది. అంతే జరిగింది. కానీ ఆ మే నెలలో ఎవరో తాగి సీసాలు పగలగొట్టి, చలిమంట కాని చలిమంట ఒకటి వేసి, ఒక మూల అంతా కాల్చిపెట్టారు. బావ దానికీ నా బిందెకూ ముడిపెట్టాడు.

"నేను అనొద్దనుకుంటున్న సారూ, గని ఆ పొద్దు ఎదురొచ్చింది ఎవరో అందరు సూసిన్రు."

సారు చదువుకున్నవాడు. నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "అమ్మా, నేను ఇసొంటియి నమ్మ. కానీ పదిమందితోని పని తీసుకోవాలె నేను. వచ్చే ఏడు పూజ కాడ జర దూరముండు. మల్ల గిట్లనే లొల్లైతే నిన్ను పిలుసుడు నాకు కష్టమైతది."

నేను తల ఊపాను.

రెండో ఏడు ఫోన్ వచ్చింది. సోమవారం పూజ అన్నారు. ఏడు గంటలకు అగ్గి పెట్టాలని, అందుకు ఆరింటికే అందరం రావాలని. నేను నాచారంలో మొదటి బస్సు పట్టుకుని ఉప్పల్‌లో దిగి, ఆటో మారి, ఆరు కాకముందే గేటు దగ్గర ఉన్నాను. గడ్డి తడితడిగా ఉంది, చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. మన్ను వదిలి చూశాను. కాళ్ళ మీద పడింది. మనసులో, ఇప్పుడే అంటిస్తే ఎంత బాగుండు అనుకున్నాను.

బావ వచ్చాడు, అక్క వచ్చింది, ఇంకో నలుగురు కూలీలు వచ్చారు. సారు రాలేదు. ఉప్పల్ చౌరస్తాలో బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయని ఫోన్ చేశాడు. ఆయన లేకుండా పూజ ఎట్లా చేస్తారు, ఫోటో తీసి పైకి పంపాలి కదా. ఆయన వచ్చేసరికి ఏడున్నర దాటింది. బండి దిగుతూనే, "కానియ్యుర్రి, కానియ్యుర్రి" అన్నాడు.

బావ ఫోన్ తీసి గంట చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇగ కాదు సారూ. రాహుకాలం సొచ్చింది. తొమ్మిదింటి దాక అగ్గి ముట్టొద్దు."

"అరే, ఒక్క అగ్గిపుల్లనే గదనే."

"మీరు ఆర్డర్ ఇస్తె పెడత. రేపు ఏమన్న అయితే నన్ను అడగొద్దు."

సారు ఆ మాటకు ఆగిపోయాడు. కూర్చుని టిఫిన్ పొట్లం విప్పాడు. అందరం చెట్ల కింద కూర్చున్నాం. ఎండ పైకి వస్తుంటే గడ్డి రంగు మారడం నాకు కనబడుతూనే ఉంది. మొదట బూడిద రంగు, తరువాత తేనె రంగు. చేత్తో పట్టి నలిపితే పొద్దున మెత్తగా వంగిన పోచ ఎనిమిదిన్నరకు పుటుక్కుమని విరిగింది.

తొమ్మిది అవుతుండగా బావ నా దగ్గరకు వచ్చాడు. కోపంగా కాదు, బతిమిలాడినట్టే అన్నాడు.

"చెల్లె, నువ్వు జర గుట్ట ఎన్కకు పో. లైన్ ఆఖరు ఆడికే వస్తది. మేం కాలుసుకుంట వస్తం, నువ్వు ఆడ కొమ్మ పట్టుకొని ఉండు. దీపం పెట్టేటప్పుడు కండ్లవడకు. పోయినేడు సంగతి ఎర్కే గద."

గుట్ట అంటే లైన్ చివర ఉన్న రాళ్ళ దిబ్బ. దాని వెనక యాభై అడుగులు గడ్డి, ఆ తరువాత గోడ. గోడ అవతల మూడంతస్తుల అపార్ట్‌మెంట్. నేను ఆకులు లాగే ఇనుప పళ్ళ కర్ర, ఒక పచ్చి వేప కొమ్మ, నీళ్ళ సీసా తీసుకుని పోయాను. అక్కడి నుంచి వాళ్ళు నాకు కనబడరు, నేను వాళ్ళకు కనబడను. అందుకే కదా పంపింది.

అక్కడ నిలబడి పిడికెడు మన్ను తీసి వదిలాను. మన్ను నా కాళ్ళ మీద పడలేదు. నా వెనకకు, గోడ వైపు పోయింది. మళ్ళీ తీసి వదిలాను. మళ్ళీ అటే, ఇంకా దూరం. వరంగల్ రోడ్డు వైపు నుంచి గాలి లేచింది. అంటే వాళ్ళు అక్కడ అంటిస్తే అది లైన్ వెంట మెల్లగా రాదు, నా మీదికి ఉరికి వస్తుంది.

కర్ర అక్కడే పడేసి చెప్పడానికి బయలుదేరాను. గుట్ట పక్క నుంచి పది అడుగులు పోయాను. అక్క పట్టుచీర అంచు కనబడింది. రాయి ముందు వంగి ఉంది. దీపం వెలిగించి గడ్డిపోచ పట్టుకుని ఉంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే వాళ్ళందరికీ కనబడతాను. సరిగ్గా దీపం దగ్గరికి, సరిగ్గా అగ్గి పెట్టే గడియకు ఎదురుగా.

అక్కడ ఆగాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఎవరూ చూడను కూడా లేదు. నా కాళ్ళే ఆగాయి. నేను ఎదురుపోతే మళ్ళీ పుల్ల ఆరుతుందేమో, బావ మళ్ళీ అంటాడేమో, సారు వచ్చే ఏడు ఫోన్ చేయడేమో అనుకున్నాను. ఆ కిటికీ లేని షెడ్డు కళ్ళ ముందుకు వచ్చింది. వెనక్కి తిరిగి గుట్ట వెనకకు వచ్చి నా చోట నేను నిలబడ్డాను. ఇప్పటికీ నాకు మంట కంటే ఆ వెనక్కి తిరగడమే ఎక్కువ గుర్తుకు వస్తుంది.

ముందు చప్పుడు వచ్చింది. ఎండు గడ్డి మీద వాన పడ్డట్టు చిటపటలు. తరువాత పొగ గుట్ట మీది నుంచి వంగి దిగింది. "కొట్టుర్రి, కొట్టుర్రి, దాటింది" అని బావ అరుపు. ఆ తరువాత గుట్టకు రెండు పక్కల నుంచి ఎర్రగా నాలుకలు కనబడ్డాయి. పోదామంటే ఎటు పోవాలి? ముందు మంట, కుడి పక్క మంట, ఎడమ పక్క మంట, వెనక గోడ. గోడ మీద ముళ్ళ తీగ. అడవిలోకి మనుషులు రావద్దని కట్టిన గోడ అది.

పైన అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోకి జనం వచ్చారు. ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. "ఓ అమ్మా! ఓ అమ్మా! జరుగు, పక్కకు జరుగు!" అని ఒకాయన అరిచాడు. ఏ పక్కకు జరగాలో ఆయన చెప్పలేదు. రెండో అంతస్తులో నైటీ వేసుకున్న ఒక ఆమె మాత్రం ఫోన్ పట్టలేదు. బకెట్ తెచ్చి గుప్పున నీళ్ళు పోసింది. అవి గోడ అవతలే పడ్డాయి. మళ్ళీ లోపలికి ఉరికి ఇంకో బకెట్ తెచ్చింది. అదీ అంతే. "నిచ్చెన తెస్తున్నరు, ఆగు!" అని అరిచింది. మంటను ఆగమన్నదో నన్ను ఆగమన్నదో.

అప్పుడు ఒక రవ్వ ఎగిరి వచ్చి నా ముందు గడ్డిలో పడింది. చిన్న మంట లేచింది. తొక్కి ఆర్పబోయాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆలోచించాను. లైన్ ఎందుకు కాలుస్తాం? కాలిన చోటికి అగ్గి రాదనే కదా. ఆర్పడం మాని, ఇనుప పళ్ళ కర్రతో ఆ మంటను పట్టి గోడ వైపు గడ్డిలో అడ్డంగా లాగాను. ఒక బార, రెండు బారలు, మూడు బారలు. గాలి ఎటు ఉందో మన్ను చెప్పింది కదా, ఆ మంట నన్ను వదిలి గోడ వైపు పరుగెత్తింది. గోడకు తగిలి తినడానికి ఏమీ లేక కూలబడింది. వెనక నల్లటి నేల మిగిలింది, పొగలు కక్కుతూ.

ఆ నల్లటి దాని మీదికి పోయాను. చెప్పుల కింద రబ్బరు మెత్తబడడం తెలుస్తూనే ఉంది. మా ఆయన చొక్కా విప్పి సీసాలో నీళ్ళన్నీ దాని మీద పోసి, తల మీదా ముఖం మీదా కప్పుకుని బోర్లా పడ్డాను. అది నూలు చొక్కా కనుక సరిపోయింది. చీర కొంగు నైలాన్, దాన్ని కింద వేసి కడుపుతో నొక్కిపెట్టాను. పెద్ద మంట వచ్చింది. వేడి వీపు మీద అరచేయి పెట్టి అదిమినట్టు ఉంది. పొగ మింగాను. మింగకూడదని తెలుసు, కానీ అరవకుండా ఉండలేకపోయాను. ఎవరిని పిలిచానో తెలియదు. నా గొంతు అక్కడే పోయింది.

మంట నా నల్ల నేల అంచు దాకా వచ్చి ఆగింది. పక్కల నుంచి గోడ దాకా పోయి అక్కడ కూలబడింది. తల ఎత్తేసరికి గోడ మీద ఒక నిచ్చెన కొస కనబడుతోంది.

మొదట వచ్చింది అక్క. అటు పక్క మంట మొదలైనప్పుడు అందరూ కొమ్మలు పట్టుకుని కొడుతున్నారట, నేను వెనక ఉన్నానన్నది ఎవరికీ గుర్తు లేదు. "ఆమె గుట్ట ఎన్క ఉన్నది గదరా!" అని అరిచింది అక్కేనట. పూజకు చెప్పులు విప్పింది, అట్లాగే ఉత్త కాళ్ళతో వేడి బూడిద తొక్కుకుంటూ వచ్చింది. పట్టుచీర మోకాళ్ళ దాకా మసి. నా ముఖం మీది చొక్కా తీసి రెండు చెంపల మీద కొట్టింది.

"మాట్లాడే! మాట్లాడు! నీ నోరు పడిపోను, మాట్లాడే!"

"ఉన్న అక్కా" అన్నాను. ఆ గొంతు నాదని నేనే గుర్తుపట్టలేదు.

సారు వచ్చాడు, బావ వచ్చాడు. సారు ముఖం పాలిపోయింది. బావ కాలిన గడ్డినంతా చూసి తల పట్టుకున్నాడు. నేను లేచి కూర్చోకముందే ఆయన నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"దీపం పెట్టేటప్పుడు ఇటుకెల్లి ఎవరో తొంగి సూసినట్టు అనిపించింది నాకు."

అక్క లేచింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన ముందు గొంతు ఎత్తిందో లేదో నాకు తెలియదు.

"ఏంది నువ్వు అనేది? ఆమెను ఆడ నిలవెట్టింది నువ్వు. గాలి సూడనిది నువ్వు. అగ్గి వెట్టింది నేను. ఇందుల ఆమెది ఏమున్నది? పొద్దుగాల్ల తడి ఉన్నప్పుడు పెడితే ఈ లొల్లి ఉండునా? నీ రాహుకాలం బోయి మొగుడు లేని పిల్ల మీద పడ్డది."

బావ కింద పడున్న నా కర్ర తీసి, పళ్ళలో ఇరుక్కున్న కాలిన గడ్డి ఒక్కొక్క పోచ పీకుతూ నిలబడ్డాడు.

నేను తొంగి చూసిన మాట నిజమే. అది నేను ఆ రోజు చెప్పలేదు. ఇదిగో ఇప్పుడు చెబుతున్నాను.

పాదాలు పొక్కులు లేచాయి, వీపు కమిలింది. దవాఖానాలో నాలుగు రోజులు ఉంచారు. గొంతుకు మందు ఇచ్చారు, ఇంతకంటే బాగు కాదన్నారు. ఆ సీజన్ మిగిలిన రోజులు గేటు దగ్గర కూర్చోబెట్టారు. సారు పైకి ఏం రాసి పంపాడో తెలియదు. బాల్కనీల వాళ్ళు తీసిన వీడియో మా బిడ్డ ఫోన్‌కు కూడా వచ్చింది. అందులో పొగ కనబడుతుంది, నేను కనబడను.

వానలు పడ్డాయి. చాలించమన్నారు. వచ్చే ఏడు సంగతి సారు ఎత్తలేదు, నేను అడగలేదు. మళ్ళీ నాచారం, మళ్ళీ షెడ్డు. ఇదివరకు దగ్గు ఒక్కటే, ఇప్పుడు కారం గొంతులో దిగితే నిప్పు మింగినట్టే ఉండేది. పొట్లాలు కడుతున్న ఆడవాళ్ళు "నువ్వు మాట్లాడకే, ఇంటుంటె మాకు గొంతు నొస్తది" అనేవాళ్ళు. నవ్వేదాన్ని. చలి వచ్చింది, పోయింది. ఫోన్ చీర కొంగులో కట్టుకుని పని చేశాను. మోగినా వినబడదేమోనని వణికే సెట్టింగు పెట్టించుకున్నాను. శివరాత్రి దాటి పోయింది. ఇక లేదనుకున్నాను.

లేదనుకున్నాక వచ్చింది. బయటికి ఉరికి గేటు పక్కన నిలబడి ఎత్తాను.

"అమ్మా, గొంతు ఎట్లున్నది?" అన్నాడు సారు.

"గిట్లనే ఉన్నది సారూ."

"మంచిది. ఇను. పూజ సోమవారం పెట్టిన. నువ్వు ఆదివారం రా, పొద్దుగాల్ల ఐదింటికి. మీ బావ, నువ్వు, ఇద్దరు కూలోళ్ళు. తడి ఉండంగనే లైన్ మొత్తం కాల్చేయుర్రి. గాలి నువ్వే సూడు. నువ్వు ఊ అంటేనే ముట్టియ్యాలె, బావకు జెప్పిన."

"సరే సారూ." ఆగి అడిగాను. "మరి సోమవారం?"

"సోమవారం పూజ అయితది. కాలిన కాడనే ఇంత గడ్డి ఏసి, దీపం పెట్టి ముట్టిస్తరు, ఫోటోకు. ఎవరికి ఏం కాదు. సోమవారం నువ్వు రాకు. మంగళవారం కెల్లి డ్యూటీ."

"లైన్ నేనే కాలిస్తె, పూజకు రావొద్దా సారూ?"

పక్కన లారీ హారన్లు మోగుతుంటే ఫోన్ చెవికి అదుముకున్నాను.

"అమ్మా, నీకు పని గావాల్నా, పూజ గావాల్నా?"

"పని సారూ" అన్నాను. నేను ఆలోచించకముందే నోరు అనేసింది. ఆ రోజు కాళ్ళు ఆగినట్టే.

ఆదివారం పోయాను. బావ గేటు దగ్గర నాకోసమే నిలబడి ఉన్నాడు. రెండు అగ్గిపెట్టెలు నా చేతిలో పెట్టాడు. నేను మన్ను తీసి గదవ దగ్గర నుంచి వదిలాను. కాళ్ళ మీద పడింది. ఆయన వంగి మన్ను పడ్డ చోటు చూశాడు, తరువాత నా ముఖం చూశాడు.

"అంటియ్యాల్నా చెల్లె?"

"అంటియ్యి బావా."

"నువ్వే అంటియ్యి."

పుల్ల గీశాను. ఆరలేదు. మంట మోకాలి ఎత్తు దాటకుండా, తడి గడ్డిలో చిన్నగా గొణుక్కుంటూ నడిచింది. మేము అటొకరు ఇటొకరు నడిచాం. గుట్ట దాకా పోయేసరికి ఎండ వచ్చింది. వెనక్కి చూస్తే నల్లటి బాట, దారం పట్టి గీసినట్టు ఉంది. అక్కడి నుంచి గేటు దాకా నడిచి వచ్చాం. నన్ను పంపించి తాళం వేశారు.

సోమవారం నేను ఇంట్లో ఉన్నాను. మసి పట్టిన చొక్కా నానబెట్టి ఉతుకుతున్నాను. పదింటికి మా బిడ్డ ఫోన్ చూపించింది. అక్క పంపిన ఫోటో. సారు ఉన్నాడు, ఆయన పై సారు కూడా ఉన్నాడు, బావ కొబ్బరిచిప్ప పట్టుకుని ఉన్నాడు. అక్క మధ్యలో పసుపు పళ్ళెంతో నిలబడి ఉంది. అందరి కాళ్ళ కిందా నేను కాల్చిన నేల. వాళ్ళ వెనక ఆ నల్లటి బాట గుట్ట దాకా వంకర లేకుండా సాగింది.

ఫోటో కింద అక్క గొంతు కూడా ఉంది. బిడ్డ నొక్కి వినిపించింది. "చెల్లె, అందరి పాదాలు నల్లగయినయే. సారు తెల్ల బూట్లు ఏసుకొచ్చిండు పాపం." వెనక ఎవరో నవ్వుతున్నారు. "రేపు వస్తవు గద? నీకు పప్పు తెస్త."

వస్తానని చెప్పమన్నాను. మా బిడ్డ, నీ గొంతుతోనే చెప్పమ్మా అని ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. చేతులు సబ్బు నురగతో ఉన్నాయి. "వస్త అక్కా" అన్నాను. తరువాత చొక్కా పిండి తీగ మీద వేశాను. మంగళవారం పొద్దుటికల్లా ఆరాలి కదా.